రెండడుగుల అర, పదివేల రూపాయలు: కార్లు కొనాలా, ఫిగర్లు కొనాలా?

పొడవు రెండడుగులు, లోతు ఎనిమిదంగుళాలు, ఎత్తు ఒక అడుగు. మామూలు ఇంట్లో టీవీ పక్కనో, చదువుకునే బల్ల పైనో ఖాళీగా దొరికే అర సుమారుగా ఇంతే ఉంటుంది. సెంటీమీటర్లలో 60 × 20 × 30. చేతిలో ₹10,000 ఉన్నాయనుకుందాం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే లోహం పోతపోసిన డైకాస్ట్ బొమ్మ కార్లా, కీళ్లు కదిలే యాక్షన్ ఫిగర్లా అన్నది సగం తేలిపోతుంది. మిగతా సగం మన ఎండ, మన ఉక్కపోత తేలుస్తాయి. బ్యాట్‌మ్యాన్ ఇష్టమా, పాత పోర్షే ఇష్టమా అన్నది ఆ తర్వాతి సంగతి. ఇష్టం లేనివాళ్లు ఎటూ ఈ దారికి రారు.

ముందు టేపు తీయండి

అసలు కారు పొడవు నాలుగున్నర మీటర్లనుకుంటే, 1:64లో, అంటే అసలుకు అరవై నాలుగో వంతు సైజులో, అది 7 సెం.మీ. వస్తుంది. 1:43లో పదిన్నర, 1:24లో 19కి కాస్త తక్కువ, 1:18లో 25. మన అర లోతు 20 మాత్రమే కాబట్టి 1:18 కారును ముక్కు బయటికి చూసేలా పెట్టలేం, తోక గోడకు తగులుతుంది. పక్కకు తిప్పి పెడితే రెండే పడతాయి. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఆర్డరిచ్చి, పెట్టె ఇంటికొచ్చాక అర కోసం వడ్రంగిని వెతికేవాళ్లలో ఎక్కువమంది 1:18 వాళ్లే.

1:64 కార్లను పక్కవాటంగా పెట్టి, సంక్రాంతి బొమ్మల కొలువుకు కట్టినట్టు మెట్లు కడితే లెక్క మారిపోతుంది. ఒక్కో మెట్టు లోతు 4 సెం.మీ., ఎత్తు మూడున్నర చాలు. ఐదు మెట్లు, మెట్టుకు ఏడు చొప్పున 35 కార్లు, ఒకదాని వెనక ఒకటి దాక్కోకుండా కనిపిస్తాయి. 3 మి.మీ. యాక్రిలిక్ షీటు కోసి వంచి ఇచ్చే సైన్‌బోర్డు షాపులు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. కొలతలు కాగితం మీద గీసిస్తే చాలు.

ఆరంగుళాల ఫిగర్లు, అంటే 1:12 స్కేలువి, ఒక్కోదానికి 8 సెం.మీ. వెడల్పు కావాలి. చేతులు చాచిన భంగిమ పెడితే ఇంకా ఎక్కువ. ముందు వరసలో ఏడు, వెనక 8 సెం.మీ. ఎత్తు పీట వేసి ఆరు, మొత్తం 13. ఫంకో పాప్ అనే పెద్దతల బొమ్మల పెట్టెలైతే వెడల్పు పదకొండున్నర, ఎత్తు 16 వరకు ఉంటాయి. వరసకు ఐదు పడతాయి, ఒకదాని మీద ఒకటి పేరుద్దామంటే అడుగు ఎత్తులో రెండో అంతస్తు పట్టదు. హాట్ టాయ్స్ లాంటి 1:6 ఫిగర్ మనిషి ఎత్తే 30 సెం.మీ., కింద స్టాండ్ వేరు. మన అరలోకి అది తల వంచుకుని కూడా రాదు.

చిన్న కార్లలో ఏది ఏమిటి

హాట్ వీల్స్ 1968లో మాటెల్ తెచ్చిన బండి. నారింజ రంగు ట్రాక్ మీద దూసుకుపోవడానికే పుట్టింది. అందుకే దాని కొలతల్లో నిజాయతీ వెతకకూడదు. బస్సైనా, లారీ అయినా, మినీ కూపర్ అయినా పెట్టెలో పట్టే మూడంగుళాల లోపు సర్దేస్తారు. ప్యాకెట్ మీద 1:64 అని ఉన్నా పక్కపక్కన పెడితే లారీ, కారు ఒకే ఎత్తులో ఉంటాయి. ఏటా మెయిన్‌లైన్‌లో, అంటే విడిగా అమ్మే మామూలు చవక రకంలో, 250 దాకా మోడళ్లు వస్తాయి. వాటిలో గణనీయమైన భాగం నిజ జీవితంలో ఎక్కడా లేని ఊహా బండ్లు. నిజమైన కార్లే కావాలనుకునేవాళ్లు ఈ వడపోత మొదటి రోజే వేసుకోవాలి. లేకపోతే ఏడాదికల్లా డబ్బా నిండా సొరచేప ఆకారపు బండ్లు చేరతాయి.

మ్యాచ్‌బాక్స్ దానికన్నా పెద్దన్న. ఇంగ్లండులో లెస్నీ సంస్థ 1953లో మొదలుపెట్టింది, బొమ్మ అగ్గిపెట్టెంత పెట్టెలో పట్టాలన్నదే పేరు వెనక కథ. 1997 నుంచి అదీ మాటెల్ చేతిలోనే ఉంది. అన్నదమ్ములకు పనులు పంచినట్టే ఉంటుంది. రోడ్డు మీద తిరిగే మామూలు కార్లు, అంబులెన్సులు, ఫైరింజన్లు, పొలం బండ్లు మ్యాచ్‌బాక్స్‌కి. రేసులు, రంగులు, విచిత్రాలు హాట్ వీల్స్‌కి. మెయిన్‌లైన్ ధరలోనే నిజమైన కార్లు కావాలంటే మ్యాచ్‌బాక్స్ వైపు చూడాలి. చాలామంది దాన్ని పిల్లల బొమ్మని పక్కన పెట్టేస్తారు, అది పొరపాటు.

ఫ్రాన్సు వాళ్ల మేజొరెట్ 1961 నాటిది. జపాన్ టోమికా 1970లో వచ్చింది. ఈ రెంటికీ హాట్ వీల్స్‌కి లేని గుణం ఒకటుంది: చాలా మోడళ్లకు స్ప్రింగు సస్పెన్షన్ ఉంటుంది, కొన్నింటికి తలుపులు తెరుచుకుంటాయి. బాడీని వేలితో నొక్కితే కిందికి దిగి పైకొస్తుంది. ఇంట్లో ఐదారేళ్ల పిల్లలుండి, వాళ్లూ మీరూ కలిసి సేకరించాలనుకుంటే మేజొరెట్‌ను మించింది లేదు. పడినా, తొక్కినా నిలబడుతుంది.

ఇక మినీ జీటీ, ఇన్నో64, టార్మాక్ వర్క్స్ వంటివి వేరే కులం. ఇవి నిజంగా 1:64. అద్దాల చుట్టూ నల్లగీత, వెనక లైటులో గీతలు, సన్నని మృదువైన సైడ్ మిర్రర్లు, రబ్బరు టైర్లు ఉంటాయి. మినీ జీటీ చాలా మోడళ్లను ఎడమ స్టీరింగు, కుడి స్టీరింగు అని రెండు రకాలుగా విడుదల చేస్తుంది, కాబట్టి మన రోడ్ల తీరులో కుడి స్టీరింగుదే ఎంచుకోవచ్చు. ధర వెయ్యి దాటుతుంది, మెయిన్‌లైన్ రెండు వందల లోపే. ఒక మినీ జీటీకి ఆరేడు హాట్ వీల్స్ వస్తాయన్నమాట. కానీ పక్కన పెట్టి రెండడుగుల దూరం నుంచి చూడండి: ఆరేడు కలిపినా ఆ ఒక్కటి లాగే చూపును ఆపలేవు. పదివేలతో మొదలుపెట్టేవాళ్లు ఒక చేత్తో యాభై మెయిన్‌లైన్లు ఎత్తుకురావడం కన్నా ఏడెనిమిది నికార్సైన 1:64లు కొనడం మేలని మా అభిప్రాయం. ఒక్క మినహాయింపు: సూపర్‌మార్కెట్ కొక్కేలకు వేలాడే ప్యాకెట్లను తిరగేసి వెతకడమే మీకు ఆనందమైతే మెయిన్‌లైన్‌ను ఏదీ భర్తీ చేయలేదు.

మధ్యలో హాట్ వీల్స్ ప్రీమియం ఉంది. బాడీ, అడుగుభాగం రెండూ లోహం, టైర్లు రబ్బరు, సాధారణంగా ఐదు కార్ల సెట్లు. మెయిన్‌లైన్లలో అడుగు తరచూ ప్లాస్టిక్, కొన్నింటిలో తిరగబడి బాడీ ప్లాస్టిక్, అడుగు లోహం. చేతిలో బరువు చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది. రబ్బరు టైర్ల బండి ట్రాక్ మీద మెయిన్‌లైన్ అంత జోరుగా పోదు, పిల్లవాడికి ప్రీమియం కొనిచ్చి వాడు మొహం మాడ్చుకుంటే తప్పు వాడిది కాదు.

మామూలు హాట్ వీల్స్ ప్యాకెట్ల మధ్య అరుదుగా కలిపి పంపే ట్రెజర్ హంట్ల గురించి రెండు ముక్కలు. 1995లో మొదలైన ఈ పద్ధతిలో ఇప్పుడు రెండు మెట్లున్నాయి. మామూలు ట్రెజర్ హంట్‌కి వృత్తంలో మంట గుర్తు బండి మీద ఉంటుంది, చక్రాలు ప్లాస్టిక్కే. సూపర్ ట్రెజర్ హంట్‌కి లోపలి నుంచి మెరిసే స్పెక్ట్రాఫ్లేమ్ రంగు, రబ్బరు టైర్లు, బండి మీద టీహెచ్ అక్షరాలు, కార్డు మీద బండి వెనక బంగారు రంగు గుర్తు ఉంటాయి. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి తగ్గినా అమ్మేవాణ్ణి ప్రశ్నించాలి. మామూలు బండికి రబ్బరు చక్రాలు మార్చి "సూపర్" అని అమ్మడం పాత విద్య. చక్రాలు మార్చాలంటే అడుగున ఉన్న రివెట్లను డ్రిల్ చేయాలి. రివెట్ తల గుండ్రంగా, నునుపుగా కాకుండా మధ్యలో గుంటగానో, స్క్రూ తోనో కనిపిస్తే ఆ బండిని ఎవరో విప్పారన్నమాటే. అడుగునే ఒక అక్షరం, రెండంకెల కోడ్ కూడా ఉంటుంది. అక్షరం తయారైన ఏడాదికి, అంకెలు ఆ ఏడాదిలోని వారానికి గుర్తు. కార్డు మీది సంవత్సరానికీ దీనికీ ఏళ్ల తేడా ఉంటే కార్డూ బండీ ఒకటి కాదని అనుమానించవచ్చు.

పెద్ద కార్లు, క్లుప్తంగా

1:43 స్కేలు "ఓ గేజ్" అనే కొలత రైలు బొమ్మల నుంచి వచ్చింది. పత్రికలతో పాటు ఇచ్చే సిరీసుల వల్ల ప్రపంచంలోని అన్ని రకాల మామూలు కార్లూ ఇందులో దొరుకుతాయి. ఢిల్లీ అంబాసిడర్ టాక్సీ కూడా అలా ఒక టాక్సీల సిరీసులో వచ్చింది. ముట్టుకునే సరదా ఉండదు, తలుపులు తెరుచుకోవు, కేసులోనే ఉంచాలి. వరసలో ఒక దేశపు కార్లన్నీ నిలబెట్టాలనే చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకి ఇది సరైన స్కేలు.

1:18లో మైస్టో, బురాగో మొదటి మెట్టు. తలుపులు, బానెట్, డిక్కీ తెరుచుకుంటాయి, స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి. ధర మూడు నాలుగు వేల నుంచి. సోలిడో, నోరెవ్ ఆపైన. ఆటోఆర్ట్ ఇంకా పైన, అందులో ఇరవై వేలు మామూలు మాట. తలుపు సందులు ఎంత సన్నగా ఉన్నాయో చూడండి, ధర తేడా అంతా అక్కడే కనిపిస్తుంది. జింకు పోతలో అంచు మందంగా వస్తుంది, దాని మీద రంగు పొర పడితే ఇంకా మొద్దుబారుతుంది. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికే ఆటోఆర్ట్ గత దశాబ్దంలో బయటి బాడీని కాంపోజిట్ ప్లాస్టిక్‌కి మార్చింది. బరువు తగ్గిందని పాత సేకర్తలు ఇప్పటికీ గొణుగుతారు గానీ గీతలు మాత్రం పదునెక్కాయి. జీటీ స్పిరిట్, ఓటో వంటి రెజిన్ మోడళ్లు ఏమీ తెరుచుకోవు, ఆకారం మాత్రం అచ్చుగుద్దినట్టుంటుంది. కింద పడితే లోహంలా సొట్టపడవు, పింగాణీలా పగులుతాయి.

ఫిగర్ల సంగతి

"యాక్షన్ ఫిగర్" అన్న మాట 1964లో హాస్‌బ్రో కంపెనీ జీఐ జో అనే సైనికుడి బొమ్మ తెచ్చినప్పటిది, మగపిల్లల బొమ్మను "డాల్" అంటే కొనరని భయపడి పెట్టిన పేరు. మన దేశంలో తొంభైల పిల్లలకు జీఐ జో అంటే ఫన్‌స్కూల్ అచ్చు వేసిన చిన్న బొమ్మలు. అమెరికాలో లేని రంగుల కలయికలు వాటిలో ఉండటం వల్ల ఇప్పుడు విదేశీ సేకర్తలు వాటిని వెతికి కొంటారు. అటక మీద పాత అట్టపెట్టె ఉంటే పాతసామాన్లవాడికి ఇచ్చే ముందు ఒకసారి చూసుకోండి.

ఇప్పటి కొనుగోలుకు వస్తే, హాస్‌బ్రో వాళ్ల మార్వెల్ లెజెండ్స్ ఆరంగుళాల ఫిగర్లకు ప్రమాణం లాంటిది. మూడు వేల చుట్టూ ఉంటుంది. మోకాలు, మోచేయి దగ్గర రెండేసి మడతలు, నడుము, భుజం కదలికలు బాగుంటాయి. దీనిలో ఉచ్చు ఒకటుంది: కొన్ని విడతల్లో ఒక్కో పెట్టెలో పెద్ద బొమ్మ తాలూకు చెయ్యో కాలో ఒక ముక్క పెడతారు. ఆ పెద్ద బొమ్మ పూర్తవ్వాలంటే ఆరేడు ఫిగర్లూ కొనాల్సిందే. అంటే మనకు పేరు కూడా తెలియని ముగ్గురు విలన్లను మూడేసి వేలు పెట్టి ఇంటికి తెచ్చుకోవాలి. పెద్ద బొమ్మే కావాలంటే అది పూర్తిగా జతచేసినది విడిగా కొనడం చాలాసార్లు చవక.

బండాయ్ వాళ్ల ఎస్.హెచ్.ఫిగ్వార్ట్స్, మెడికామ్ వాళ్ల మేఫెక్స్ జపాన్ సరుకు. ధర లెజెండ్స్‌కు రెండింతలు, అంతకు మించి. కీళ్లు ఎక్కడ ఉన్నాయో వెతికితే గానీ కనిపించవు, మార్చుకునే చేతులు, మొహాలు పెట్టెలోనే వస్తాయి. డ్రాగన్ బాల్, కామెన్ రైడర్ అభిమానులకు ఫిగ్వార్ట్స్‌కి సాటి లేదు. సన్నని చేతి కొక్కేలు మాత్రం విరుగుతాయి. కొత్త చేతిని నేరుగా బలంగా తొయ్యకుండా కాస్త అటూ ఇటూ తిప్పుతూ దించాలి.

మెక్‌ఫార్లేన్, నెకా కంపెనీల ఫిగర్లు ఏడంగుళాలవి. చెక్కడం గొప్పగా ఉంటుంది, కానీ లెజెండ్స్ పక్కన నిలబెడితే బ్యాట్‌మ్యాన్ అందరికన్నా తల ఎత్తు పెరిగి రాక్షసుడిలా కనిపిస్తాడు. ఒకే అరలో రెండు స్కేళ్లు కలపకండి. కొత్తవాళ్ల అరలను చూస్తే కంటికి మొదట తగిలే లోపం ఇదే, దాన్ని ఏ దీపాల అలంకరణా దాచలేదు.

ఫంకో పాప్ నిజానికి యాక్షన్ ఫిగరే కాదు, కదిలేది చాలావాటికి మెడ ఒక్కటే. వినైల్ బొమ్మ, పెద్ద తల, చుక్కల్లాంటి కళ్లు. లాభం ఏమిటంటే ఇంకెవరూ బొమ్మ చెయ్యని పాత్రలకు కూడా పాప్ ఉంటుంది. మళ్లీ అమ్మేటప్పుడు విలువలో సింహభాగం పెట్టెదే, మూల నలిగితే ధర పడిపోతుంది. "రేపు పెరుగుతుంది" అని కొనేవాళ్లు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: గోదాముల్లో పేరుకుపోయిన 3 కోట్ల డాలర్లకు పైబడిన సరుకును పారేస్తామని 2023లో ఆ కంపెనీయే ప్రకటించింది.

1:6 హాట్ టాయ్స్ హాంకాంగ్‌వి. మొహం చూస్తే మనిషే అనిపిస్తుంది, గుడ్డ బట్టలు, లోపల కీళ్ల అస్థిపంజరం ఉంటాయి. పాతిక వేల కింద దొరకడం అరుదు. పదివేల బడ్జెట్‌లో ఆ మాటే వద్దు, కానీ దాని జోలికి ఎప్పుడైనా వెళ్లాలనుకునేవాళ్లు కింది భాగం చదివాక వెళ్లండి.

మన ఉక్కపోతలో ఏది నిలుస్తుంది

డైకాస్ట్ అంటే జింకు, అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం, రాగి కలిసిన జమాక్ మిశ్రమం. ఆ పోతలో సీసం లాంటి మలినాలు కలిస్తే లోపలి రేణువుల మధ్య తుప్పు మొదలవుతుంది. దీన్నే జింక్ పెస్ట్ అంటారు. మొదట రంగు కింద చిన్న బొబ్బలు, తర్వాత వెంట్రుకవాసి చీలికలు, తెరుచుకునే తలుపు బిగుసుకుపోవడం, ఆఖరికి బాడీ బిస్కెట్‌లా విరగడం. దీనికి మందు లేదు. తేమ దాన్ని త్వరపెడుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి డింకీ బొమ్మ కార్లలో ఎక్కువగా కనిపించినా, ఈ కాలపు ఖరీదైన మోడళ్లలోనూ కొన్ని విడతల్లో బయటపడింది. ఒక కారు నుంచి ఇంకోదానికి అంటుకుంటుందన్నది ఉత్త నమ్మకం, అది ఆ పోతలోనే పుట్టిన జబ్బు. పాత 1:18 కొనేటప్పుడు టార్చి వెలుగును బాడీకి అడ్డంగా వేసి చూడండి, బొబ్బలు నీడలుగా బయటపడతాయి.

మంచి పోతకు మన వాతావరణంతో పెద్ద గొడవ లేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పుగాలికి దెబ్బతినేది ముందుగా ఇరుసులు, స్క్రూలు, ఎందుకంటే అవి ఉక్కువి. అద్దాల తలుపున్న బీరువా, అరకు రెండు మూడు 10 గ్రాముల సిలికా జెల్ సంచులు చాలు. రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు ఆరబెట్టాలో దానంతట అదే చెబుతుంది. కార్డులోనే ఉంచే హాట్ వీల్స్‌కి తేమ వేరే పని చేస్తుంది: అట్ట వంకర తిరుగుతుంది, కారు మీది ప్లాస్టిక్ బుడగను అంటించిన జిగురు వదులుతుంది. ఎండ తగిలితే బుడగ పసుపెక్కుతుంది.

ఇంకో చిత్రమైన సమస్య టైర్లది. మెత్తని టైర్లలోని ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికొచ్చి కింద ఉన్న ప్లాస్టిక్ పీటను కరిగిస్తుంది. ఏళ్ల తర్వాత కారు ఎత్తితే నాలుగు నల్ల గుంటలు కనిపిస్తాయి. 1:18 కార్లను ప్లాస్టిక్ మీద నేరుగా నిలపకుండా, చక్రాలు అర మిల్లీమీటరు గాల్లో ఉండేలా అడుగున చిన్న దిమ్మ పెట్టండి. టైరు చదును కావడం కూడా ఆగుతుంది.

ఫిగర్లకు వేడి అసలు శత్రువు. పీవీసీ కాళ్లు రెంటచింతల, రామగుండం వైపు మే నెల ఎండల్లో మెత్తబడి, బరువు మోయలేక ముందుకు వంగుతాయి. ఏసీ లేని పై అంతస్తు గదిలో స్టాండ్ లేకుండా ఒంటికాలి భంగిమలో ఏ ఫిగర్‌నూ వదలకండి. వంగిన కాలిని సరిచేయడానికి 70 నుంచి 80 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ముంచి, నిటారుగా పట్టుకుని, వెంటనే చన్నీళ్లలో పెట్టాలి. కొత్త ఫిగర్ కీలు బిగుసుకుపోతే ఇదే వేడినీళ్ల వైద్యం, బలంతో తిప్పితే లోపలి మేకు తెగుతుంది. వదులైన కీలుకు రంగులేని గోళ్ల రంగు ఒక పలుచని పూత బంతి మీద పూసి, పూర్తిగా ఆరాక జతచేయాలి. ఆరకముందే పెడితే అతుక్కుపోతుంది. మూసిన పెట్టెలో ఏళ్లు ఉంచిన పీవీసీ జిడ్డుగా మారుతుంది, దానికి గాలి ఆడాలి. అంటే కారుకు మూసిన బీరువా మంచిది, ఫిగర్‌కు అప్పుడప్పుడూ తలుపు తీయడం మంచిది.

హాట్ టాయ్స్ లాంటి వాటి మీద తోలులా కనిపించేది చాలావరకు తోలు కాదు, పాలియురెథేన్ పూసిన గుడ్డ. గాలిలోని తేమ ఆ పూతను లోపల్నుంచి విడగొడుతుంది, ఐదారేళ్లకు జాకెట్టు పొలుసులుగా రాలుతుంది. తీరప్రాంతంలో పాతిక వేల తోలు జాకెట్టు హీరోను కొనేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. గుడ్డ లేదా కవచం ఉన్న పాత్ర ఎంచుకోవడం తెలివి. వెలిగే కళ్లున్న ఫిగర్ల బటన్ బ్యాటరీలు తీసేసి విడిగా ఉంచండి, కారితే లోపలి తీగ పోతుంది.

మన ఇళ్లకే ప్రత్యేకమైన రెండు ప్రమాదాలు. ఒకటి, బీరువాలో కలరా ఉండలు. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. బట్టల బీరువాలో బొమ్మలు దాచకండి. రెండోది, వడ్రంగి అప్పుడే చేసిచ్చిన షోకేసు. కొత్త చెక్క, అద్దం అంచుకు పూసిన పుల్లని వాసనొచ్చే సిలికోన్ రెండూ ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి, అవి జింకును తినేస్తాయి. వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం రెండు మూడు వారాలు, తలుపులు తీసి ఉంచాలి. సీలెంటు కొనేటప్పుడే న్యూట్రల్ రకం అడిగితే సగం గొడవ ఉండదు. దుమ్ముకు మేకప్ బ్రష్షు, గాలి ఊదే రబ్బరు బుడ్డీ చాలు. అమోనియా ఉన్న అద్దాల క్లీనర్‌ను యాక్రిలిక్ కేసు మీద కొడితే సన్నని పగుళ్లు వస్తాయి.

కొనేచోట

ఎమ్మార్పీ కన్నా ఎక్కువకు అమ్మడం చట్టవిరుద్ధం. కొక్కేనికి వేలాడే ప్యాకెట్‌కైనా, కొత్త సరుకు అమ్మే ఏ దుకాణానికైనా ఇది వర్తిస్తుంది. దుకాణంలో మంచివన్నీ ఉదయమే ఊడ్చుకుపోయి మూడింతలకు అమ్మే స్కాల్పర్ల దగ్గర తొందరపడి కొనకండి. చాలా మెయిన్‌లైన్ మోడళ్లు తర్వాతి విడతల్లో మళ్లీ వస్తాయి, రంగు మార్చుకుని ఇంకో ఏడాదీ వస్తాయి.

విదేశీ సరుకు ఎందుకింత ఖరీదంటే, బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి నుంచి ఇక్కడ అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అందుకే అమెరికా ధరను డాలర్ల నుంచి రూపాయల్లోకి మార్చి "దోచుకుంటున్నారు" అనుకోవడం సరికాదు. దానికి వ్యతిరేకంగా, అమెరికా ధరకన్నా చవగ్గా ఫిగ్వార్ట్స్ దొరికిందంటే అది నకిలీ. పెట్టె మీద అక్షరాల అంచులు మసకగా ఉండటం, మొహం మీద రంగు మెరుస్తూ ఉండటం, కీళ్లు ఒంటి రంగుతో కలవని రంగులో ఉండటం, పెట్టె తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన నకిలీ లక్షణాలు. ఫంకోకైతే పెట్టె అడుగున ఉన్న కోడ్‌ను బొమ్మ పాదం మీదో మెడ దగ్గరో ఉన్న కోడ్‌తో పోల్చండి.

లెజెండ్స్ కొనేటప్పుడు కిటికీ ఉన్న పెట్టె దొరికితే అదే తీసుకోండి. 2022లో హాస్‌బ్రో ప్లాస్టిక్ తగ్గిస్తామని కిటికీలు తీసేసింది. బొమ్మ కనిపించకపోవడంతో కళ్లు వంకరగా అచ్చయినవి ఇంటికొచ్చాక గానీ తెలియలేదు, పెట్టెలో వేరే బొమ్మ పెట్టి రిటర్న్ చేసే దొంగలకూ సౌకర్యమైంది. తర్వాత కంపెనీయే కిటికీలు తిరిగి తెచ్చింది. కిటికీలోంచి రెండు కళ్లూ ఒకే దిక్కు చూస్తున్నాయా, రెండు చేతులూ ఎడమవే ఉన్నాయా అన్నది చూడండి. నవ్వొచ్చే మాటే గానీ జరుగుతుంది.

అయితే ఆ పదివేలు?

సముద్రం దగ్గర, ఏసీ లేని గది: కార్లు. ఏడు మినీ జీటీలు, మిగిలిన దానితో యాక్రిలిక్ మెట్లు, సిలికా జెల్. ఒకే గీత పట్టుకోండి, జపాన్ కార్లే, లేదా ఒకే కంపెనీ కార్లే. 35 చోట్లు నిండడానికి రెండేళ్లు పడుతుంది, పట్టనివ్వండి.

ఇంట్లో చిన్నపిల్లలు: మేజొరెట్, మ్యాచ్‌బాక్స్ కలిపి పాతిక. తెరిచి ఆడుకోవడానికే కొనండి, కార్డులు దాచకండి. 1:12 ఫిగర్ల చిన్న చేతులు, తుపాకులు మూడేళ్లలోపు పిల్లల నోట్లోకి వెళ్లే సైజు.

బొమ్మను చేతిలోకి తీసుకుని భంగిమలు మార్చి ఫొటోలు తీయాలనే సరదా ఉంటే కార్లు మీకు నెలలో విసుగొస్తాయి. ఒక ఫిగ్వార్ట్స్, లేదా ఇద్దరు లెజెండ్స్, స్టాండ్లు, అంతే. మూడో లెజెండ్స్‌కు పెట్టే డబ్బుతో మైస్టో 1:12 మోటారుసైకిల్ ఒకటి కొనండి. ఆరంగుళాల మనిషికి అది సరిగ్గా ఈడైన బండి: 15 సెంటీమీటర్లను పన్నెండుతో గుణిస్తే 180, అంటే ఆరడుగుల మనిషి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ కూడా ఆ స్కేలులో ఉంది. ఫిగర్‌ను ఎక్కించే ముందు పిడికిలి చేతులు తీసి, పట్టు చేతులు తగిలించండి. హ్యాండిల్‌బార్ సన్నగా ఉంటే దాని చుట్టూ కాస్త బ్లూటాక్ (మళ్లీ ఊడదీయగల జిగురు ముద్ద) చుట్టాలి. తుంటి కీలు బయటికి ఎంత తెరుచుకుంటుందో ముందు ఖాళీగా చూసుకుని ఎక్కించండి, సీటు మీద కూచోబెట్టి కాళ్లు లాగితే బండి అద్దం విరుగుతుంది.